పెరడు లేని ఊళ్లో పెరటి పనులు

సూరత్‌లో లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా వైపు తెలుగువాళ్లుండే సందుల్లో ఎండాకాలం మిద్దెలెక్కితే ఊరి పెరడు ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. పాత చీర మీద సగ్గుబియ్యం వడియాలు, పక్కన మామిడి ఒరుగులు, మూలన నీలం డ్రమ్ములో టమాటా మొక్క, నీళ్ల ట్యాంకు నీడన తాడు కట్టిన కోడిపుంజు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ వీళ్ల పిల్లల కోసం తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. వాళ్లు వచ్చేటప్పుడు మూటలో పెద్దగా ఏమీ తెచ్చుకోలేదు కానీ తొక్కు పెట్టడం, ఒరుగులెండబెట్టడం, కోళ్లను సాకడం వంటి పనులు చేతుల్లోనే వచ్చేశాయి.

ఈమధ్య ఆ పనులకు కొత్త గిరాకీ పుట్టింది. కల్తీ భయం ఒక కారణం, ఖర్చు ఇంకో కారణం, ఫోన్లో చూసే వీడియోలు అన్నిటికన్నా పెద్ద కారణం. సబ్బు ఇంట్లోనే, ఎరువు ఇంట్లోనే, చికెన్ పచ్చడి ఇంట్లోనే. ఇదంతా ఎంతవరకు క్షేమం అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. తాతల కాలం నుంచి చేస్తున్నవే, ఎవరికేమైందని పెద్దవాళ్లంటారు. ఎందుకీ తలనొప్పి, అన్నీ బజారులో దొరుకుతున్నాయి కదా అని కోడళ్లంటారు. నాకు రెండు వాదనల్లోనూ ఒకటే లోపం కనబడుతుంది. ఈ పనుల క్షేమం చేసే చేతిలో సగమే ఉండేది. మిగతా సగం ఊళ్లో ఉండేది: మే నెల పొడి ఎండ, ఇంటికీ ఇంటికీ మధ్య జాగా, ఎక్కడిదో తెలిసిన మట్టి, ఎవరిదో తెలిసిన కుండ. చెయ్యి సూరత్ వచ్చింది, ఆ సగం రాలేదు. దాన్ని ఇక్కడ తెలివితో పూడ్చుకోవాలి. ఎక్కడెక్కడ పూడ్చాలన్నదే ఈ సమీక్ష.

ఊరగాయతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే మన నమ్మకం ఎక్కువగా ఉన్నదీ, ప్రమాదం తక్కువగా కనబడేదీ అక్కడే. మామిడికాయ తొక్కు ఏడాదంతా నిలవడానికి కారణం పులుపు, ఉప్పు, తడి లేకపోవడం. అన్నిటికన్నా ప్రమాదకరమైన బొటులినమ్ సూక్ష్మజీవి, పులుపును కొలిచే పీహెచ్ లెక్క 4.6 కన్నా తక్కువగా, అంటే పులుపు గట్టిగా ఉన్నచోట పెరగలేదు. పచ్చి మామిడి, నిమ్మ, చింతపండు ఆ గీతకు చాలా కిందనే ఉంటాయి. గుజరాతీ పొరుగింటివాళ్లు రాజాపురీ మామిడితో ఎండలో చేసే ఛుందో కూడా ఇదే సూత్రం మీద నిలుస్తుంది. వాళ్లు పంచదార బలం తీసుకుంటారు, మనం ఉప్పు బలం తీసుకుంటాం. పైన తేలే నూనె గాలిని ఆపి బూజును రానివ్వదు. అందరూ నూనెనే కాపలాదారు అనుకుంటారు కానీ, బొటులినమ్‌కు గాలి లేని చోటే ఇష్టం. పులుపు లేని పదార్థం మీద నూనె పోస్తే దానికి ఇల్లు కట్టించి ఇచ్చినట్టే.

ఇక్కడే కొత్త అలవాట్లు అడ్డం తిరుగుతున్నాయి. బీపీ ఉందని ఉప్పు సగం చేస్తారు. వెల్లుల్లి రెబ్బలు వట్టి నూనెలో నానబెట్టి గట్టు మీద నెలల తరబడి ఉంచుతారు. చికెన్, రొయ్యలు, మటన్ పచ్చళ్లు సీసాల్లోకెక్కించి ఆవకాయలాగే బయట పెడతారు. మాంసానికి సొంత పులుపు లేదు. నూనె ఎంత మరిగినా ముక్క లోపల తడి ఉన్నంతసేపూ వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. బొటులినమ్ బీజాలు నూరు డిగ్రీలకు చావవు, 121 డిగ్రీలు కావాలి. ఆ బీజాలు మొలకెత్తి వదిలే విషం మాత్రం వేడికి విరుగుతుంది, బాగా ఉడికిస్తే పోతుంది. కానీ పచ్చడిని తినేముందు ఎవరు ఉడికిస్తారు? కాబట్టి మాంసం పచ్చడికి నిమ్మరసం ధారాళంగా పిండాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి, రెండు వారాల్లో ముగించాలి. ఉప్పు తగ్గించిన తొక్కు కూడా ఫ్రిజ్‌లోకే. వైద్యుడు ఉప్పు వద్దంటే పచ్చడిలో ఉప్పు తగ్గించడం కన్నా పళ్లెంలో పచ్చడి తగ్గించడం మేలు. సిరిసిల్ల పెద్దమ్మ ఒకావిడ ఇదే మాట కోడలితో రెండు ముక్కల్లో తేల్చింది: "ఉప్పు సూసి భయపడితె తొక్కెందుకు బిడ్డా, పప్పు తిను."

బొటులినమ్ అంటే ఎక్కడో అమెరికా డబ్బా కూరల సంగతి అనుకోనక్కర్లేదు. 1996 సెప్టెంబరులో గుజరాత్‌లోనే ఒక ఆశ్రమ పాఠశాల విద్యార్థులు 34 మంది ఈ జబ్బు లక్షణాలతో ఆసుపత్రి పాలయ్యారు. అనుమానం శనగపిండి సేవ్ మీదికి పోయింది. మనం రోజూ చాయ్‌తో నమిలే కారప్పూస అది. కరకరలాడే పొడి వస్తువు సంగతే అలా ఉంటే తడి వస్తువు గురించి వేరే చెప్పాలా! రెండు కళ్లకూ ఒకటి రెండుగా కనబడటం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం దీని గుర్తులు. జ్వరం సాధారణంగా ఉండదు. పచ్చడి తిన్న మర్నాడు ఇవి కనబడితే నిద్ర చాలలేదేమో అని సర్దిచెప్పుకోకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి, మిగిలిన పచ్చడి సీసా కూడా వెంట తీసుకుపోవాలి. ఇదే బీజం తేనెలోనూ ఉండొచ్చు కనుక ఏడాది నిండని బిడ్డ నాలిక మీద తేనె రాయడం మానుకోవాలి. బారసాల రోజు బామ్మలతో పేచీ వచ్చే విషయమే ఇది, అయినా సరే.

ఒరుగులు, వడియాల దగ్గర సూరత్ ఇంకో రకంగా దెబ్బ కొడుతుంది. కరీంనగర్ మే ఎండలో పొద్దున పరిచిన వడియం సాయంత్రానికి గలగలమంటుంది. సూరత్ పక్కనే సముద్రం. డుమస్ వైపు నుంచి వచ్చే గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. అదే వడియం ఇక్కడ పైన ఎండి లోపల మెత్తగా మిగులుతుంది, రాత్రి మళ్లీ చెమ్మ పీల్చుకుంటుంది. డబ్బాలో పోసి జూన్ వానలు దాటేసరికి బూజు. బూజు గీకి, ఒకసారి ఎండకు చూపి, నూనెలో వేయించి తినేవాళ్లను ఎందరినో చూశాను. ఇక్కడ ఒక పాత దారుణం చెప్పుకోవాలి. 1974లో గుజరాత్‌లోని పంచమహల్, దాన్ని ఆనుకుని రాజస్థాన్‌లో ఉన్న బాంస్వాడా జిల్లాల గిరిజన గూడేల్లో కామెర్లు వచ్చి కడుపు ఉబ్బి జనం చనిపోయారు. ఇంటివాళ్ల తిండి తిన్న కుక్కలు కూడా చచ్చాయి. కారణం వెతికింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి బృందం 397 మంది రోగుల వివరాలు సేకరించింది, వారిలో 106 మంది మరణించారు. అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలో ఆఫ్లటాక్సిన్ అనే విషం తయారైంది. వండే వేడికి ఆ విషం పోదు, వేయించినా పోదు. గీకేస్తే పైబూజే పోతుంది, లోపలికి దిగినది దిగినట్టే ఉంటుంది. జొన్న, మొక్కజొన్న, వేరుశనగ, ఎండు మిర్చి, వీటన్నిటికీ ఇదే కథ. అందుకే సూరత్‌లో ఒరుగులు ఏప్రిల్‌లోనే ముగించాలి, సాయంత్రం ఇంట్లోకి ఎత్తాలి, విరిస్తే టక్కున విరగనిది డబ్బాకెక్కకూడదు. బూజు పట్టిన పల్లీలు చెత్తలోకే పోవాలి, కోళ్లకు వేసినా అదే విషం.

ఇక ఆ నీలం డ్రమ్ము. సూరత్ మిద్దె తోటలకు అదే పునాది, అన్నిటికన్నా నాకు భయం కలిగించేదీ అదే. పాండేసరా, సచిన్ వైపు రంగుల మిల్లుల్లో కాస్టిక్ సోడా, ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్, రంగులు, నానా రకాల సహాయక రసాయనాలు ఈ డ్రమ్ముల్లోనే వస్తాయి. ఖాళీ అయినవి పాత సామాన్ల దుకాణాలకు చేరతాయి. దుకాణదారు మూత తీసి లోపల నీళ్లు తిప్పి పారబోసి, "సాఫ్ హై" అంటాడు. అందులో ముందేముండేదో అతనికీ తెలియదు. కొన్న ఇల్లాలు సబ్బుతో, బూడిదతో, చింతపండుతో రుద్ది ముక్కు పెట్టి వాసన చూసి తృప్తి పడుతుంది. ప్లాస్టిక్ కొన్ని రసాయనాలను తనలోకి పీల్చుకుంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా నీళ్లలోకి వదులుతుంది. వాసన లేనంత మాత్రాన విషం లేదని కాదు. పక్కన అతికించిన కాగితం చింపేసి ఉంటే ఆ డ్రమ్ము తాగే నీళ్లకూ వద్దు, తినే మొక్కకూ వద్దు. పూలమొక్కకైతే పర్లేదు. కూరగాయలకు పాత నూనె డబ్బాలు, బేకరీ బకెట్లు, గోనెసంచులు చాలు. దుకాణం నుంచి తెచ్చినవైతే తిండి వస్తువులవని తేల్చుకున్నాకే తీసుకోవాలి.

ఇది అతిశయమనుకునేవారికి 2022 జనవరి 6 గుర్తుచేయాలి. సచిన్ పారిశ్రామికవాడలో తెల్లవారుజామున ఒక ట్యాంకర్ రసాయన వ్యర్థాన్ని కాలువలోకి దొంగతనంగా వదులుతుండగా విషవాయువు పుట్టి పక్కన ప్రింటింగ్ మిల్లులో పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. అంటే ఈ ఊళ్లో ఏ కాలువలో, ఏ మట్టిలో ఏముందో చూసి చెప్పలేం. ఇక్కడ ఖాడీ అని పిలిచే వాగు గట్టున తోటకూర, పాలకూర ఏపుగా పెరుగుతాయి, చూడముచ్చటగా కూడా ఉంటాయి. రంగుల మిల్లుల నీటిలో క్రోమియం, రాగి వంటి లోహాలుంటాయి. ఆకుకూరలు వాటిని వేళ్లతో లాగి ఆకుల్లోకి చేర్చుకుంటాయి, ఉప్పునీళ్లలో ఎన్నిసార్లు కడిగినా అవి పోవు. ఊళ్లో గంగవాయిలి, పొన్నగంటి కోసుకొచ్చుకున్న అలవాటు కొద్దీ ఖాడీ పక్కన వంగకూడదు. ఆ కూరలే కావాలంటే గింజలు తెచ్చి మిద్దె మీద తెలిసిన మట్టిలో చల్లుకుంటే సరిపోతుంది.

తెలుగునాట మిద్దెతోటను ఒక ఉద్యమంలా ఇంటింటికీ చేర్చిన కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి పేరు ఇక్కడి తెలుగిళ్లలోనూ వినబడుతుంది. ఆ తోటలు సొంత ఇంటి మీద పెరిగినవి. సూరత్‌లో చాలామందిది అద్దె గది, కింద ఇంకొకరి ఇల్లు, దాని కింద మగ్గాలు. మెట్లున్న చదును పైకప్పుకు మన భారత ప్రమాణాలు లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు లోతు తడి మట్టి అదే చదరపు మీటరులో అయిదు వందల కిలోలు దాకా తూగుతుంది. పాత కట్టడాల్లో ఆ 150కి కూడా పూచీ లేదు. కొబ్బరిపొట్టు, ఎరువు కలిపిన తేలిక మట్టి వాడాలి, కుండీలు గోడలూ దూలాలూ ఉన్న అంచుల మీదే పెట్టాలి, నడిమధ్యన మడి కట్టకూడదు. స్లాబు చెమర్చి కింద ఇంట్లో పెచ్చులు ఊడితే పడేది మన నెత్తిన కాదు.

మెట్ల సంగతి కూడా ఇక్కడే. ఎండిన కొబ్బరిపీచు, ఆకుపచ్చ నీడవల, ఖాళీ ప్లాస్టిక్ కుండీలు, కోళ్ల గంప, వీటన్నిటికీ మెట్ల మలుపే గోదాము. 2019 మే 24న సర్థాణా తక్షశిల భవనంలో మంటలు లేచినప్పుడు పై అంతస్తు ట్యూషన్ పిల్లలకు మెట్లదారి మూసుకుపోయింది, 22 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు నుంచీ సూరత్‌లో మెట్ల మీద సామాను పెట్టేవాడికి సాకు లేదు.

నీళ్లు పట్టి ఉంచడం మనకు తప్పదు. రాగిబిందె నుంచి సిమెంటు తొట్టి దాకా అన్నిటిలో పడతాం. డెంగీ దోమకు కావలసింది కూడా అదే, పరిశుభ్రమైన నిలవనీరు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. వారానికొకసారి తొట్టి ఒంపడం సగం పనే, గుడ్లు గోడకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. పీచు వేసి రుద్దాలి. కుండీ కింది పళ్లేలు, కోళ్ల నీటిగిన్నె మరిచిపోకూడదు. మున్సిపాలిటీ ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి టార్చిలైటు వేసి తొట్లలో చూస్తే విసుక్కుంటాం గానీ, ఆ తనిఖీ వెనక పెద్ద చరిత్రే ఉంది. 1994 సెప్టెంబరు ప్లేగు భయానికి లక్షల మంది సూరత్ వదిలి రైళ్లెక్కారు. మరుసటి ఏడాది కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లోకి పంపి చెత్త ఎత్తించి, ఆక్రమణలు తొలగించి ఊరి ముఖం మార్చారు. ఏడాదిన్నరలోపే దేశంలోని పరిశుభ్ర నగరాల్లో సూరత్ రెండోదిగా లెక్కకొచ్చింది. ప్లేగుకు మూలం ఎలుక. వంటింటి ఎరువు కుండలో అన్నం, రొట్టె, మాంసం తుక్కు వేస్తే మనం మళ్లీ ఎలుకకే విందు పెడుతున్నట్టు. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు మాత్రమే వేసి, మూత బిగించి, కిందన జల్లెడ బిగిస్తే చాలు. దక్షిణ గుజరాత్ వరిపొలాల్లో, చెరకు తోటల్లో వానాకాలం వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా ఎలుక మూత్రం కలిసిన నీటి నుంచే వస్తుంది. పుండు ఉన్న కాలితో వాననీటిలో దిగి తోటపని చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కోళ్ల గురించి ఒక్కటే చెబుతాను. దేశంలో తొలి బర్డ్ ఫ్లూ 2006 ఫిబ్రవరిలో బయటపడింది మన పక్కనున్న నవాపూర్‌లో. అప్పటి సూరత్ జిల్లాలోనే ఉన్న ఉచ్ఛల్ తాలూకాలో కూడా కోళ్లను చంపి పూడ్చారు. మీ రెండు కోళ్లు ఒకేసారి తల వాల్చి చస్తే వండుకోకండి, పొరుగుకు ఇవ్వకండి, పశువైద్యశాఖకు చెప్పండి. మిగిలింది సొసైటీవాళ్లతో పొద్దున నాలుగింటి కూత గురించి పడే తగాదా, దానికి మందు లేదు.

సబ్బు పనికి కాస్టిక్ సోడా సూరత్‌లో కొత్తిమీరంత సులువుగా దొరుకుతుంది. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడాలో పోయకూడదు, పోస్తే పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, తెరిచిన కిటికీ, దరిదాపుల్లో పిల్లలు లేకపోవడం. అల్యూమినియం గిన్నె వాడకూడదు, కాస్టిక్ దాన్ని తినేసి మండే వాయువును వదులుతుంది. బొగ్గుల కుంపటి చలికాలమైనా తలుపులు మూసిన గదిలో పెట్టొద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిద్రలోనే చంపుతుంది.

ఇప్ప సారా, ఇంట్లో ద్రాక్ష వైను విషయంలో ఊరి అలవాటును సరిహద్దు దగ్గరే వదిలేయాలి. గుజరాత్‌లో మద్యనిషేధం రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ ఉంది. 2017 సవరణ తర్వాత మద్యం తయారుచేసినవారికి పదేళ్ల దాకా జైలు. తెలంగాణలో కల్లు ముంత చుట్టూ ఉండే పెద్దరికం ఇక్కడి పోలీసుకు తెలియదు. చట్టం మాట అటుంచి, 2022 జూలైలో బోటాడ్ వైపు నలభై మందికి పైగా చనిపోయింది కర్మాగారం నుంచి దొంగిలించిన మిథనాల్ తాగి. సారాయి పేరుతో ఎవరేం అమ్మినా అందులో మిథనాల్ ఉందో లేదో నాలుక చెప్పలేదు.

ఇంట్లో చేసింది ఇంట్లోవాళ్లే తింటే తప్పు చేసినా నష్టం ఇంటిదే. సూరత్‌లో మాత్రం పచ్చడి సీసా ఇల్లు దాటకుండా ఉండదు. ముందు పక్కింటి వదినకు, తర్వాత మగ్గాల దగ్గర తోటి పనివాళ్లకు, ఆ తర్వాత వాట్సాప్ ఆర్డర్ల మీద పర్వత్ పాటియా నుంచి వరాఛా దాకా. అమ్మకం మొదలుపెట్టే ముందే ఆహార భద్రతా శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి, ఇంటి వంటకూ అది వర్తిస్తుంది. మూత మీద చేసిన తేదీ, వేసినవన్నీ రాయాలి. పల్లీ, నువ్వులు, ఆవపిండి పడనివాళ్లుంటారు, వాళ్లకు ఆ చీటీయే రక్ష. ఇది మన ఆడవాళ్లకు వచ్చిన పైసల మీద నిఘా అని కొందరు గొణుగుతారు. రుచి మీద పేరు తెచ్చుకున్నవాళ్లు ఇంత రాయడానికి సంకోచించడం నాకు అర్థం కాదు. అమ్మకం సంగతి అటుంచి ఎరువు సంగతికొస్తే, ప్రకృతి సాగును దగ్గరగా చూడాలనుకునేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం కూడా ఉంది. ఈ జిల్లా పంచాయతీల్లో పంచాయతీకి 75 మంది రైతుల చొప్పున ఆ సాగులోకి మళ్లిన సంగతి 2022 జూలై సూరత్ సదస్సుతో దేశమంతా విన్నది. ఆవు పేడతో చేసే జీవామృతం అనే ఎరువు కలిపే పద్ధతి ఒక ఆదివారం బస్సెక్కి అలాంటి రైతు దగ్గరే నేర్చుకోవచ్చు. ఆవు పేడ చేతులతో కలిపాక సబ్బుతో కడుక్కోవడం, పచ్చిగా తినే కూరలకు అది చల్లకపోవడం ఆ రైతులు కూడా చెప్పే జాగ్రత్తలే.

చివరికి వరద. లింబాయత్‌వాళ్లకు తాపీ నది కన్నా మీఠీ ఖాడీ భయమే ఎక్కువ, వాన గట్టిగా పడ్డ ఏడాది అది పొంగి గదుల్లోకి వస్తుంది. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుంచి వదిలిన నీటితో నగరంలో చాలా భాగం మునిగినప్పుడు నిలవ చేసుకున్న తిండి విలువ అందరికీ తెలిసొచ్చింది. అటుకులు, ఒరుగులు, తొక్కు, మూత బిగించిన నీళ్లు జూన్ మొదట్లోనే అటక మీదికి చేరాలి. నీరు దిగిన తర్వాత చేసేదే అసలు కష్టమైన పని. ఖాడీ నీళ్లలో మునిగిన జాడీని బయట తుడిచి లోపల బాగుందని ఉంచుకోవడానికి మనసు పీకుతుంది, ఏడాది పచ్చడి కదా. ఆ నీళ్లలో మురుగు, మిల్లుల రంగు, ఎలుకల మూత్రం అన్నీ ఉన్నాయి. గుడ్డ వాసెన కట్టిన జాడీ లోపలికి అవి దిగకుండా ఆపలేదు, మెలితిప్పిన మూత కూడా ఆపలేదు. జాడీలో పచ్చడి పారబోయాలి. మునిగిన ధాన్యం, పిండి, వడియాలు పారబోయాలి. మునిగిన కుండీల్లో ఆకుకూరలు పీకేయాలి, మట్టి మార్చాలి. మిద్దె మీద మునగని కుండీలు, అటక మీద జాడీలు మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు.